గుండె రక్తనాళముల సి.టి. చిత్రము: ఎవరికి, ఎప్పుడు, ఎందుకు?



"మా నాన్నగారికి పొలము నుండి గడ్డిమోపు ఎత్తుకొని వచ్చేటప్పుడు ఛాతీ మీద బరువు పెట్టినట్లు ఉంటున్నది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతున్నది. పట్నములో డాక్టరుగారు గుండె నాళములకు సి.టి. స్కానింగు చేయించమన్నారు. అది చేయిస్తే అంతా తేలిపోతుందని ఒకరు, ఆ మందు ఎక్కిస్తే కిడ్నీలు పోతాయని ఇంకొకరు అంటున్నారు. ఏమి చేయమంటారు?" ఇటువంటి ప్రశ్న నేడు అనేక గృహములలో వినబడుతున్నది.

ఈ పరీక్షకు వేల రూపాయలు ఖర్చవుతాయి. అవసరము లేనివారు అప్పు చేసి చేయించుకోవడము ఒక నష్టము. అవసరమైనవారు భయపడి మానుకోవడము మరొక నష్టము. చేయించుకొని, రిపోర్టును బీరువాలో పెట్టి మరచిపోవడము అన్నిటికన్న పెద్ద నష్టము. ఈ మూడు నష్టములూ మన ఇండ్లలో కలుగకుండుటకే ఈ నెల ఈ విషయము వ్రాస్తున్నాము.

గుండెకు నీరు పెట్టే కాలువలు

గుండె మన పిడికిలంత కండరము. ఒళ్లంతటికీ రక్తము పంపే ఈ కండరానికి కూడా రక్తము కావాలి. గుండె నుండి బయలుదేరే బృహద్ధమని మొదట్లోనే కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చిన్న నాళములు పుడతాయి. ఎడమ నాళము కొద్ది దూరములోనే రెండు పెద్ద శాఖలుగా చీలుతుంది. ఇవే గుండె చేనుకు నీరు పెట్టే పంటకాలువలు అనుకోండి. పెద్ద కాలువ వెడల్పు కూడా కొద్ది మిల్లీమీటర్లే.

వయసు పెరిగేకొద్దీ, ముఖ్యముగా చక్కెర జబ్బు, రక్తపోటు, పొగ, కొలెస్టరాల్ ఉన్నవారిలో, ఈ నాళముల గోడలలో కొవ్వు పేరుకొంటుంది. కాలము గడిచిన కొద్దీ అందులో సున్నము కూడా చేరి గట్టిపడుతుంది. చాలామంది దీనిని కాలువలో పూడికతో పోలుస్తారు. పోలిక మంచిదే గాని, సగమే నిజము. కొవ్వు కాలువ అడుగున పేరుకొనేది కాదు, గట్టు లోపల పేరుకొనేది. అందుచేత రెండు రకముల కీడు కలుగుతుంది. మొదటిది, గట్టు లోపలికి ఉబ్బి కాలువ ఇరుకవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చే రక్తము సరిపోతుంది గాని, మోపు ఎత్తినప్పుడు, గట్టు ఎక్కినప్పుడు చాలదు. అప్పుడు ఛాతీ బరువెక్కుతుంది. రెండవది, మెత్తబడిన గట్టుకు హఠాత్తుగా గండి పడుతుంది. గండి పడినచోట రక్తము గడ్డకట్టి నాళము పూర్తిగా మూసుకుపోతుంది. గుండెపోటు అనేది ఎక్కువగా ఇదే. అంతకు ముందు రోజు వరకు ఆ చోటు పెద్ద ఇరుకుగా లేకపోవచ్చు కూడా.

మన ప్రజలకు ఈ జబ్బు తొందరగా వస్తుంది. 52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనములోని లెక్కలను 2007లో విడదీసి చూసినప్పుడు, ఇతర దేశములలో మొదటి గుండెపోటు సుమారు 59 ఏండ్లకు వస్తుంటే, భారతదేశము, దాని పొరుగు దేశముల వారికి సుమారు 53 ఏండ్లకే వస్తున్నదని తేలింది. 53 ఏండ్లంటే పిల్లల చదువులు, పెండ్లిండ్లు ఇంకా మిగిలి ఉండే వయసు.

గొట్టముతో చూసిన కాలము

బ్రతికున్న మనిషి గుండెలోనికి చూడవచ్చునని మొదట చూపినవారు జర్మనీ దేశపు వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో ఎబెర్స్‌వాల్డె పట్టణపు ఆసుపత్రిలో పనిచేస్తున్న ఆ యువ వైద్యుడు తన చేతి రక్తనాళములోనికి తానే సన్నని గొట్టము ఎక్కించుకొని, ఎక్స్‌రే గది వరకు నడిచి వెళ్లి, ఆ గొట్టము కొన గుండెలో ఉన్నట్లు చిత్రము తీయించుకున్నారు. ఆనాడు మందలింపులు ఎదుర్కొన్న ఆయనకు 1956లో నోబెల్ బహుమతి వచ్చింది.

తరువాత 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ మేసన్ సోన్స్ ఒక రోగిని పరీక్షిస్తుండగా, ‘డై’ అని మనము పిలిచే రంగుమందు అనుకోకుండా కుడి గుండె నాళములోనికి పోయింది. అలా జరిగితే ప్రాణము పోతుందని అప్పటి వైద్యుల భయము. గుండె కొద్ది క్షణములు ఆగింది. రోగి చేత దగ్గించగా తిరిగి కొట్టుకుంది. రోగికి హాని కలుగలేదు, పైగా నాళము చిత్రములో స్పష్టముగా కనబడింది. నేడు మనము యాంజియోగ్రామ్ అని పిలుస్తున్న పరీక్ష అలా పుట్టింది.

ఈ పరీక్ష ఎన్నో ప్రాణములను కాపాడింది, కాపాడుతున్నది. పూడిక కనబడితే అదే గొట్టము ద్వారా బెలూను వేసి, స్టెంటు పెట్టవచ్చును. కాని దీనికి రెండు కొరతలు ఉన్నవి. చేతి మణికట్టు నుండో, తొడ మొదలు నుండో గొట్టమును గుండె వరకు పంపవలెను గనుక కొద్దిమందికైనా రక్తస్రావము, నాళము దెబ్బతినుట వంటి చిక్కులు కలుగుతాయి. ఇక రెండవది, అందులో కనబడేది నాళములో పారే రంగుమందు, అంటే కాలువలోని నీరు మాత్రమే. గట్టు లోపల ఏమున్నదో అది చూపదు.

రైతు బిడ్డ చేసిన యంత్రము

సి.టి. యంత్రమును తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1919లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో పుట్టి, పొలములో పెరిగినవారు. చిన్ననాటి నుండి వ్యవసాయపు యంత్రములను విప్పి చూడడము ఆయనకు సరదా. పెద్దయ్యాక ఇ.ఎమ్.ఐ. అనే కంపెనీలో చేరారు. గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన కంపెనీ అది. మామూలు ఎక్స్‌రేలో ఎముకలు, మాంసము, రక్తము ఒకదాని మీద ఒకటి పడి కనబడతాయి. అలాకాక, చుట్టూ అనేక కోణముల నుండి ఎక్స్‌రే కిరణములు పంపి, ప్రతి కోణములో ఎంత కిరణము బయటికి వచ్చిందో కంప్యూటరుతో లెక్క కట్టిస్తే, బెండకాయను చక్రములుగా తరిగి చూసినట్లు శరీరమును పొరలు పొరలుగా చూడవచ్చునని ఆయన ఆలోచించారు. 1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి మెదడు స్కానింగు జరిగింది. ఈ పని వెనుక ఉన్న గణితమును అంతకు ముందే విడిగా సాధించిన అలన్ కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మెదడు కదలదు. గుండె కదులుతుంది. ఊయల ఊగుతున్న బిడ్డకు ఫోటో తీస్తే మసకగా వచ్చినట్లే, నిమిషానికి 70 సార్లు కొట్టుకొనే గుండెను ఆ తొలి యంత్రములు పట్టలేకపోయినవి. యంత్రము తిరిగే వేగము పెరిగి, 2004 ప్రాంతములో ఒకేసారి 64 పొరలు తీసే యంత్రములు వచ్చిన తరువాతనే గుండె నాళముల చిత్రము నమ్మదగినది అయింది. యంత్రమునకు ఇ.సి.జి. తీగెలు కలిపి, గుండె రెండు దెబ్బల నడుమ నిమ్మళించే ఆ చిన్న క్షణములో చిత్రము తీస్తారు.

ఇందులో గుండెలోనికి గొట్టము పోదు. చేతి నరములోనికి సూది ద్వారా రంగుమందు ఎక్కిస్తారు, అంతే. మరి ముఖ్యమైన సంగతి, ఈ చిత్రము నీటితోపాటు గట్టును కూడా చూపుతుంది. నాళము ఇంకా ఇరుకు కాకముందే గోడలో పేరుకొన్న కొవ్వును, సున్నమును చూపుతుంది.

స్కాట్లాండు ఇచ్చిన సాక్ష్యము

క్రొత్త యంత్రము వచ్చినంత మాత్రాన మనుషులకు మేలు కలుగుతుందని చెప్పలేము. దానిని పరీక్షించి చూడాలి. స్కాట్లాండు దేశములో ఛాతీ నొప్పితో 12 ఆసుపత్రుల హృద్రోగ విభాగములకు వచ్చిన 4146 మందిని రెండు సమాన భాగములుగా చేశారు. ఒక భాగమువారికి మామూలు పరీక్షలు చేశారు. రెండవ భాగమువారికి వాటితోపాటు గుండె నాళముల సి.టి. కూడా చేశారు. స్కాట్‌హార్ట్ అనే ఈ అధ్యయనపు ఐదేండ్ల ఫలితములు 2018లో వెలువడ్డాయి. మామూలు పరీక్షలు జరిగిన 2073 మందిలో 81 మందికి గుండెపోటు వచ్చుట గాని, గుండెజబ్బుతో మరణము గాని సంభవించింది. సి.టి. కూడా జరిగిన 2073 మందిలో ఆ సంఖ్య 48.

ఈ తేడా ఎలా వచ్చింది? సి.టి. చేసినవారికి ఆపరేషన్లు, స్టెంట్లు ఎక్కువగా చేశారా? లేదు. ఐదేండ్లు పూర్తయ్యేసరికి రెండు భాగములలోనూ అవి ఇంచుమించు సమానమే. తేడా మాత్రలలో ఉన్నది. "నీకేమీ లేదు, గ్యాస్" అని పంపివేయబడేవారిలో కొందరికి గట్టులో కొవ్వు ఉన్నదని చిత్రము చూపింది. వారికి ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టారు. చిత్రము జబ్బు నయము చేయలేదు. చిత్రము చూసి మొదలుపెట్టిన వైద్యము ఆ ప్రాణములను నిలిపింది. ఈ వ్యాసములో మిగిలినది మరచిపోయినా ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనమని మనవి.

ఐరోపాలోని 16 దేశములలో 3561 మందితో జరిగి 2022లో వెలువడిన డిశ్చార్జ్ అనే మరొక అధ్యయనములో, మొదట గొట్టము పరీక్ష చేసినవారిలో నూటికి 1.9 మందికి, మొదట సి.టి. చేసినవారిలో నూటికి 0.5 మందికి పరీక్షల వలన, చికిత్సల వలన పెద్ద చిక్కులు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతము, మరణము వంటివి రెండు భాగములలోనూ చెప్పుకోదగినంత తేడా లేకుండా ఉన్నవి. అంటే చాలామందికి ముందుగా సి.టి. చేస్తే నష్టము లేదు, చిక్కులు తక్కువ.

అయితే సి.టి. చేయకపోతే వైద్యము తక్కువ జరిగినట్లు అనుకోవద్దు. అమెరికా, కెనడాలలో 10,003 మందితో జరిగి 2015లో వెలువడిన ప్రామిస్ అనే అధ్యయనములో, సి.టి. చేసినవారికి, ట్రెడ్‌మిల్ వంటి పరీక్షలు చేసినవారికి రెండేండ్ల తరువాత చూస్తే ఫలితములో తేడా కనబడలేదు. మీ డాక్టరుగారు ట్రెడ్‌మిల్ చాలునంటే అది కూడా మంచి మార్గమే.

ఎవరికి తగినది? ఎవరికి కాదు?

పని చేసినప్పుడు ఛాతీలో బరువు, ఆయాసము వచ్చి, విశ్రాంతితో తగ్గుతూ, అది గుండె నొప్పియా కాదా అని సందేహముగా ఉన్నవారికి ఈ పరీక్ష ఎక్కువగా పనికివస్తుంది. ఇ.సి.జి. బాగున్నది గనుక గుండె బాగున్నదని అనుకొనరాదు. విశ్రాంతిలో తీసిన ఇ.సి.జి. నాళములు ఇరుకుగా ఉన్నవారిలోనూ బాగానే ఉండవచ్చును. సి.టి.లో నాళములు శుభ్రముగా ఉన్నవని వస్తే ఆ మాటను చాలావరకు నమ్మవచ్చును. ఈ పరీక్షకు ఉన్న గొప్ప బలము ఇదే.

ఇక ఎవరికి తగినది కాదో వినండి. ఇప్పుడే, ఈ గడియలోనే నొప్పి ఆగకుండా వస్తున్నవారిని సి.టి. కొరకు తీసుకొనిపోవద్దు. ఛాతీ నడుమ బిగబట్టినట్లు నొప్పి, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకుట, చల్లని చెమటలు, వాంతి, ఆయాసము కనబడితే వెంటనే 108కి ఫోను చేయండి. దగ్గరలో ఇ.సి.జి. తీసి, గడ్డ కరిగించే మందు గాని బెలూను గాని చేయగల ఆసుపత్రికి చేర్చండి. సోడా తాగించి, వాము నమిలించి, తెల్లవారేదాకా చూద్దామనుకొనుట వలన మన పల్లెలలో పోతున్న ప్రాణములు తక్కువ కాదు. స్త్రీలలోనూ చక్కెర జబ్బు ఉన్నవారిలోనూ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసము, నీరసముతోనే గుండెపోటు రావచ్చును. కోడలు పని ఎగ్గొట్టుటకు నీరసమంటున్నదని, అమ్మమ్మకు ముసలితనమని కొట్టివేయవద్దు.

ఏ బాధా లేనివారు, పొరుగువారు చేయించుకున్నారని, ప్యాకేజీలో తగ్గింపు ఉన్నదని ఈ పరీక్ష చేయించుకోనక్కరలేదు. వారు ముందుగా చూపించుకోవలసినవి బి.పి., చక్కెర, కొలెస్టరాల్. ఇవి తక్కువ ఖర్చుతో అయ్యేవి. ఈ మూడూ చూసిన తరువాత కూడా మాత్రలు మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరుగారికి సందేహముంటే, కాల్షియం స్కోరు అనే చిన్న సి.టి. చేయించవచ్చును. 1990లో అమెరికా వైద్యుడు ఆర్థర్ అగాట్‌స్టన్, ఆయనతోటివారు ఏర్పరచిన లెక్క అది. దీనికి సూది, రంగుమందు అక్కరలేదు. గోడలలోని సున్నమును మాత్రము కొలుస్తుంది. స్కోరు సున్నా అయితే మంచిదే గాని, మెత్తని కొవ్వు దీనిలో కనబడదు గనుక ఛాతీ నొప్పి ఉన్నవారు స్కోరు సున్నా అని ధీమాగా ఉండరాదు.

నాళములలో సున్నము బాగా పేరుకొన్నవారికి, సన్నని స్టెంట్లు ఇదివరకే పడినవారికి, గుండె దెబ్బలు తప్పి కొట్టుకొనేవారికి, స్థూలకాయులకు చిత్రము స్పష్టముగా రాకపోవచ్చును. వీరిలో కొందరికి నేరుగా గొట్టము పరీక్షయే మేలని డాక్టరు చెబితే, డబ్బు కొరకే అంటున్నారని అనుమానించనక్కరలేదు.

పరీక్ష రోజున

పరీక్షకు ముందు రక్తములో క్రియాటినిన్ చూపించుకోవాలి. కిడ్నీలు బాగున్నవారికి ఈ రంగుమందు వలన ముప్పు బహు తక్కువ. ముందే దెబ్బతిన్నవారికి జాగ్రత్త అవసరము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతములో కిడ్నీ జబ్బు ఎంత విస్తారముగా ఉన్నదో మనకు తెలుసు. అటువంటి ప్రాంతములవారు, ఏండ్ల తరబడి చక్కెర జబ్బు ఉన్నవారు, ఒళ్లు నొప్పుల మాత్రలు అలవాటుగా మింగేవారు ఈ రక్తపరీక్ష లేకుండా రంగుమందుకు ఒప్పుకొనవద్దు. కిడ్నీలు బలహీనముగా ఉండి మెట్‌ఫార్మిన్ వేసుకొనేవారు దానిని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోవాలి.

గుండె నిదానముగా కొట్టుకుంటేనే చిత్రము బాగా వస్తుంది. నిమిషానికి 60, 65కి మించకుండా ఉండుటకు ముందుగా ఒక మాత్ర ఇస్తారు. ఉబ్బసము ఉన్నవారికి ఈ రకపు మాత్రలలో కొన్ని పడవు గనుక ఆ సంగతి ముందే చెప్పాలి. ముందురోజు నుండి టీ, కాఫీ మానాలి. పరీక్షకు నాలుగైదు గంటల ముందు నుండి ఆహారము తీసుకోకూడదు. నాళములు విప్పారుటకు నాలుక క్రింద ఒక మందు పెడతారు. మగతనము కొరకు మాత్రలు వాడేవారు సిగ్గుపడక ఆ సంగతి డాక్టరుతో చెప్పాలి. రెండు మందులు కలిస్తే బి.పి. ప్రమాదకరముగా పడిపోతుంది. గర్భిణీ స్త్రీలు, గర్భమేమో అని సందేహమున్నవారు కూడా ముందే తెలుపాలి. ఇదివరలో రంగుమందుతో దద్దుర్లు, ఆయాసము వచ్చి ఉంటే అది తప్పక చెప్పవలసిన మాట.

మెడలోని గొలుసులు, పుస్తెలు తీసి ఇంటివారి చేతికి ఇవ్వమంటారు. లోహము ఉంటే చిత్రము చెడుతుంది గనుక అలా అడుగుతారు. ఛాతీ మీద ఇ.సి.జి. తీగెలు అంటిస్తారు. బల్ల మీద వెల్లకిల పడుకుంటే, గుండ్రని చక్రము నడుమకు బల్ల జరుగుతుంది. రంగుమందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడి సోకినట్లు, మూత్రము పోతున్నట్లు అనిపిస్తుంది. నిజముగా పోదు, కంగారు పడవద్దు. "ఊపిరి బిగపట్టండి" అన్నప్పుడు పది సెకన్లకు అటూ ఇటూగా కదలక ఉండాలి. ఇంట్లో ముందే రెండు మూడుసార్లు అలవాటు చేసుకుంటే మంచిది. చిత్రము తీయడము కొద్ది సెకన్లలో అయిపోతుంది. తరువాత కిడ్నీ జబ్బు గాని గుండె నీరసము గాని లేనివారు నీళ్లు బాగా త్రాగాలి.

ఎక్స్‌రే కిరణముల సంగతి కూడా కొందరు అడుగుతారు. భూమి నుండి, ఆకాశము నుండి ప్రతి మనిషికి సంవత్సరానికి సగటున 2.4 మిల్లీసీవర్టుల కిరణములు సహజముగానే సోకుతాయి. నేటి మంచి యంత్రములలో ఈ పరీక్షకు చాలావరకు 1 నుండి 5 మిల్లీసీవర్టులు సోకుతాయి. పాత యంత్రములలో 10 దాటవచ్చును. అవసరమైనవారికి ఇది భయపడవలసినంత కాదు. అవసరము లేకుండా ఏటేటా చేయించుకోదగినంత చిన్నదీ కాదు.

రిపోర్టు చేతికి వచ్చిన తరువాత

రిపోర్టులో ఒక్కొక్క నాళము పేరు వ్రాసి, ఎంత శాతము ఇరుకుగా ఉన్నదో వ్రాస్తారు. ఏమీ లేదని వస్తే ఛాతీ నొప్పికి మరొక కారణము వెదకాలి. ఊపిరితిత్తులు, కడుపు, కండరములు, మనోవేదన, ఏదైనా కావచ్చును. 70 శాతము, అంతకన్న ఎక్కువ ఇరుకు ఉంటే గొట్టము పరీక్ష గాని, రక్తము సరిపోతున్నదా లేదా అని చూసే పరీక్ష గాని మరొకటి చేస్తారు.

అందరూ పొరబడేది నడిమి రిపోర్టు దగ్గర. 20 శాతము, 30 శాతము, 40 శాతము అని వస్తే, "స్టెంటు అక్కరలేదన్నారు, గండము గడిచింది" అని మాత్రలు మానివేసేవారు ఉన్నారు. వారు గట్టులో కొవ్వు ఉన్నదని రుజువైనవారు. స్కాట్లాండులో మేలు పొందినది ముఖ్యముగా ఇటువంటివారే. స్టాటిన్ మాత్ర ఆ గట్టును గట్టిపరుస్తుంది, గండి పడకుండా కాస్తుంది. ఆ మాత్రతో ఒంట్లో తేడా ఏమీ తెలియదు గనుక నెల రోజులకే విసుగు పుడుతుంది. అయినా డాక్టరు చెప్పనిదే ఆపకూడదు.

దీనికి వ్యతిరేకముగా, 70 శాతమని చూడగానే భూమి తాకట్టు పెట్టి ఆ వారములోనే స్టెంటు వేయించాలని కంగారుపడేవారూ ఉన్నారు. 37 దేశములలో 5179 మందితో జరిగి 2020లో వెలువడిన ఇస్కీమియా అనే అధ్యయనము వీరు తెలుసుకోదగినది. గుండెపోటు కాక, నిలకడగా ఉన్న జబ్బుతో మంచి మాత్రలు వాడుతున్నవారికి, వెంటనే స్టెంటు గాని బైపాస్ గాని చేయుట వలన మరణములు, గుండెపోటులు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి నొప్పి తగ్గి హాయి కలిగిన మాట నిజమే. ఎడమ నాళపు మొదలు మూసుకుపోతున్నవారిని ఆ అధ్యయనములో చేర్చుకోలేదు, వారికి ఆలస్యము తగదు. అందుచేత, "అయ్యా, మా నాన్నగారిది తొందర చేయవలసిన జబ్బా, మాత్రలతో కొంతకాలము చూడదగిన జబ్బా?" అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. అడుగుట మీ హక్కు. సందేహముంటే సి.డి., రిపోర్టు తీసుకొని మరొక డాక్టరుకు చూపించండి.

మరొక సంగతి. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని 55 ఏండ్ల లోపు, తల్లికి గాని అక్కచెల్లెండ్రకు గాని 65 ఏండ్ల లోపు గుండెజబ్బు బయటపడితే, ఆ ఇంటిలోని పిల్లలకు, తోబుట్టువులకు కూడా ముప్పు ఎక్కువ. అందరికీ సి.టి. అక్కరలేదు. కాని 30 ఏండ్లు దాటిన ప్రతివారూ బి.పి., చక్కెర, కొలెస్టరాల్ చూపించుకోవాలి. బీడీ, చుట్ట, సిగరెట్టు, ఖైనీ ఆ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. ఉప్పు చేప, ఆవకాయ తగ్గించుకోవాలి. పొలము పని లేనివారు రోజూ అరగంట వడిగా నడవాలి.

పైన వ్రాసిన తండ్రిగారి వంటివారికి మా జవాబు ఇది. పని చేస్తే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పిని తేలికగా తీసుకోవద్దు. కిడ్నీల పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినట్లు సి.టి. చేయించండి, భయపడవద్దు. అంతవరకు బరువులు మోయించవద్దు. కూర్చున్నా తగ్గని నొప్పి వచ్చిన రోజున సి.టి. తేదీ కొరకు ఎదురుచూడక 108ని పిలవండి. రిపోర్టు వచ్చిన నాటి నుండి మాత్రల డబ్బాను ఇంటిలో ఒకరు బాధ్యతగా చూసుకోండి. మాత్ర వేసుకున్నారా అని రోజూ ఒకసారి అడిగే మనిషి ఇంట్లో ఉంటే, చేయించిన పరీక్షకు పెట్టిన డబ్బు వృథా కాదు.